ఎండాకాలపు పరుగులు: ఏ వేళకు, ఎంత దూరం, ఎవరి పూచీ?

ఉగాది గడిచి, పిల్లల పరీక్షలు ముగిసిన నాటి నుండి మృగశిర కార్తె ప్రవేశించే వరకు మన సరిహద్దు పట్టణాలలో ఆదివారపు తెల్లవారుజాములు పరుగు పందేలతో సందడిగా ఉంటున్నాయి. ఒకప్పుడు బెంగుళూరు, హైదరాబాదు వంటి మహానగరాలకే పరిమితమైన ఈ వేడుక ఇప్పుడు తాలూకా కేంద్రాల దాకా వచ్చింది. నలుగురు డాక్టర్లు, కొందరు బ్యాంకు ఉద్యోగులు, ఉపాధ్యాయులు, వ్యాపారులు కలిసి ఒక పరుగు సంఘంగా ఏర్పడడం, ఒక ఆదివారం తారురోడ్డు మీద ఐదు లేక పది కిలోమీటర్ల పందెం, మరొక ఆదివారం ఊరి పక్క కొండ మీదికి కాలిబాట పందెం పెట్టడం, వచ్చినవారికి ఒక టీషర్టు, మెడలో పతకం, చేతిలో అరటిపండు, ఆకులో ఉప్మా ఇచ్చి పంపడం – ఇదీ వరుస.

ఇది ఆహ్వానించదగిన పరిణామమే. చక్కెర వ్యాధి, రక్తపోటు పల్లెలను కూడా వదలని ఈ రోజులలో నలభై దాటిన మనిషి చీకటితో లేచి పరుగెత్తుతున్నాడంటే సంతోషించవలసినదే. పైగా రాష్ట్రాల గీతలు, భాషల గీతలు దాటి జనం ఒకచోట చేరే సందర్భాలు మనకు జాతరలు, సంతలు తప్ప మరెన్ని ఉన్నాయి? కనుక ఈ సంఘాలను తప్పుపట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

అయితే పరుగును ఎవరికోసం రూపొందిస్తున్నారు, పరుగెత్తడానికి ఎవరు వస్తున్నారు అన్న రెండు ప్రశ్నలకు జవాబులు ఒకటిగా లేవు. సంఘ సభ్యులు నెలల తరబడి సాధన చేసినవారు. వారికి మంచి బూట్లున్నాయి, చేతికి గుండె వేగం చూపే గడియారముంది, ఆరోగ్య బీమా ఉంది. వారి పక్కన నిలబడేవారు వేరు. పోలీసు ఉద్యోగానికో, సైన్యానికో సిద్ధమవుతున్న పల్లె యువకులు, వ్యాయామ ఉపాధ్యాయుని వెంట వచ్చిన బడి పిల్లలు, నగదు బహుమతి ఉన్నదని విని ముందు రోజు సాయంత్రం వరకు పొలంలో పని చేసి వచ్చిన కూలి బిడ్డలు. నగరపు నమూనాను తెచ్చి మన ఊళ్ళో పెట్టినప్పుడు దానిలోని లోపాలు మొదటివారిని అంతగా తాకవు, రెండవవారికే తగులుతాయి. ఈ వేసవి పందేలను గురించి ఆలోచించవలసిన ముఖ్య విషయం ఇదేనని నా అభిప్రాయం.

మొదట కాలాన్ని చూద్దాం. దేశంలో పేరుపొందిన దూరపు పరుగులు ఎప్పుడు జరుగుతున్నాయో గమనించండి. ముంబై, చెన్నై మారథాన్లు జనవరిలో, ఆరోవిల్ పరుగు ఫిబ్రవరిలో, హైదరాబాదు మారథాన్ ఆగస్టు చివరిలో, ఢిల్లీ హాఫ్ మారథాన్ అక్టోబరులో. 42 కిలోమీటర్ల పరుగును నడి వేసవిలో పెట్టడానికి డబ్బు, వైద్యులు, మనుషులు సమృద్ధిగా ఉన్న నగర నిర్వాహకులే సాహసించలేదు. వేసవిలో జరిగే పెద్ద పరుగు 2008లో ప్రారంభమైన బెంగుళూరు 10 కిలోమీటర్ల పందెం. అది కూడా పది కిలోమీటర్లే. 2023లో మే 21న జరిగినది, 2024లో ఏప్రిల్ 28కి, 2025లో ఏప్రిల్ 27కి వచ్చింది. బెంగుళూరు సముద్ర మట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఊరు. తెల్లవారుజామున అక్కడ మే నెలలో కూడా గాలి చల్లగానే ఉంటుంది. కోలారు, చిక్కబళ్ళాపురం, బాగేపల్లి వాసులకు ఆ ఎత్తు కొంత కలిసివస్తుంది. బళ్ళారి, రాయచూరు అలా కాదు. అవి 500 మీటర్ల లోపు ఎత్తున ఉన్న నల్లరేగడి, రాతి ప్రాంతాలు. అక్కడ మే నెలలో రాత్రంతా రాయి వేడిని వదులుతూనే ఉంటుంది. బెంగుళూరులో చేశారు కదా, మనమెందుకు చేయకూడదు అన్న వాదన బళ్ళారిలో చెల్లదు.

యానాం, బరంపురం, గంజాం తీరపు పాఠకులకు మరొక మాట. ఉష్ణమాపకంలో అంకె తక్కువగా కనిపించినంత మాత్రాన ధైర్యపడరాదు. పరుగెత్తే కండరం ఎప్పుడూ వేడిని పుట్టిస్తూనే ఉంటుంది. ఆ వేడి బయటికి పోయేది చెమట ఆరినప్పుడే. చెమట కారి నేలపాలైతే ప్రయోజనం లేదు, ఒంటి మీదనే ఆవిరి కావాలి. గోదావరి పాయల నడుమ, సముద్రపు గాలిలో తేమ నిండి ఉన్నప్పుడు చెమట ఆరదు. అందుచేత 40 డిగ్రీల పొడి ఎండ కన్న 32 డిగ్రీల తేమ ఉక్క పరుగెత్తేవానికి ఒక్కొక్కప్పుడు ఎక్కువ ప్రమాదకరం కాగలదు. తీర ప్రాంతంలో తెల్లవారి ఐదు గంటలు కూడా సురక్షితమని గుడ్డిగా అనలేము.

ఇక వేళ సంగతి. ఆహ్వాన పత్రికలో ఐదున్నర గంటలకు అని ఉంటుంది. జెండా ఊపవలసిన ముఖ్య అతిథి ఆరున్నరకు వస్తారు. తరువాత జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, నాలుగు మాటలు. పరుగు మొదలయ్యేసరికి ఏడు దాటుతుంది. వేగంగా పరుగెత్తే కుర్రవాడు ఎనిమిదికి ముందే గమ్యం చేరుకుంటాడు. వెనుకబడినవారు, అనగా సాధన లేనివారు, మధ్యవయస్కులు, ఆడపిల్లలు, తొమ్మిది గంటల ఎండలో ఇంకా రోడ్డు మీదనే ఉంటారు. ఆలస్యపు బరువు ఎప్పుడూ బలహీనుని మీదనే పడుతుంది. 2023 ఏప్రిల్ 16న మహారాష్ట్రలోని ఖార్ఘర్‌లో ఆరుబయట జరిగిన పురస్కార సభలో ఎండదెబ్బకు పదిమందికి పైగా మరణించారు. వారు పరుగెత్తినవారు కారు, కూర్చున్నవారు.

పరుగెత్తినవారి ఉదాహరణ కావాలంటే 2024 ఆగస్టు, సెప్టెంబరు నెలల ఝార్ఖండ్‌ను చూడాలి. అక్కడ ఎక్సైజు కానిస్టేబుళ్ళ భర్తీకి పురుషులకు గంటలో 10 కిలోమీటర్ల పరుగు పెట్టారు. పదిమందికి పైగా అభ్యర్థులు ప్రాణాలు కోల్పోయారు. ప్రభుత్వం పరీక్షలను కొద్ది రోజులు నిలిపి, ఉదయం తొమ్మిది గంటల తరువాత పరుగు పెట్టరాదని ఆదేశించింది. 2025లో ఆ రాష్ట్రం నియమాలనే మార్చి పరుగు దూరాన్ని 1.6 కిలోమీటర్లకు తగ్గించింది. చనిపోయినవారిలో ఎక్కువమంది మన ఇళ్ళలోని పిల్లల వంటివారే: ఉద్యోగం కోసం, చాలినంత సాధన లేకుండా, గీత వద్ద నిలబడినవారు. వారిలో ఎవరూ నీరసంగా ఉందని పక్కకు తప్పుకోలేదు. తప్పుకుంటే ఉద్యోగం పోతుంది. మన సంఘాలు పందెంలో నగదు బహుమతి పెట్టినప్పుడు ఇదే ఒత్తిడిని చిన్న పరిమాణంలో తెచ్చిపెడుతున్నామని గుర్తించడం మంచిది.

నీళ్ళ విషయంలో మనవారికి ఒకరు నేర్పవలసిన పని లేదనుకుంటాము. చలివేంద్రం పెట్టడం మన పెద్దల నుండి వచ్చిన ఆచారం. చిత్రమేమంటే చలివేంద్రంలో ఉన్నంత ఏర్పాటు కూడా కొన్ని పరుగు పందేలలో కనిపించదు. కుండ, గంటె, పోసే మనిషి, నీడ – ఈ నాలుగూ ఉన్నందువలననే చలివేంద్రం పనిచేస్తుంది. పందెంలో బల్ల మీద ప్యాకెట్లు పెట్టి, ముందు వచ్చినవారు రెండేసి తీసుకుని వెళ్తే, వెనుక వచ్చినవారికి ఖాళీ బల్ల మిగులుతుంది. ఇది పెద్దవారికీ జరిగినదే. 2007 అక్టోబరు 7న అమెరికాలోని షికాగో మారథాన్ నాడు ఉష్ణోగ్రత 31 డిగ్రీలకు చేరింది. నీరు అందలేదని పలువురు ఫిర్యాదు చేశారు. మూడున్నర గంటల తరువాత పరుగును మధ్యలోనే నిలిపివేశారు. మనకు మే నెలలో 31 డిగ్రీలంటే చల్లని పూట!

అలాగని దొరికినంత నీరు తాగడం కూడా సరికాదు. బోస్టన్ మారథాన్‌లో 2002లో పరుగెత్తిన 488 మందిని పరీక్షించి 2005లో ప్రచురించిన పరిశోధనలో నూటికి 13 మంది రక్తంలో ఉప్పు ఉండవలసినదానికన్న తగ్గినట్లు తేలింది. నెమ్మదిగా, గంటల తరబడి పరుగెత్తుతూ అడుగడుగునా మంచినీరు తాగేవారికి ఈ ప్రమాదం ఎక్కువ. ఉప్పు వేసిన పలుచని మజ్జిగ, లీటరు నీటికి ఒక ప్యాకెట్టు చొప్పున సరిగ్గా కలిపిన ఓఆర్‌ఎస్ మన ప్రాంతానికి తగినవి. ప్యాకెట్టును గ్లాసుడు నీళ్ళలో కలిపి తాగించడం మంచిది కాదు. దాహమైనప్పుడు తాగాలి, పందెం కట్టినట్లు తాగకూడదు.

అన్నిటికన్న ముఖ్యంగా తెలియవలసినది ఎండదెబ్బ లక్షణం. ఎండదెబ్బ తగిలినవాని ఒళ్ళు పొడిగా ఉంటుంది, చెమట పట్టదు అని మనం వింటూ వచ్చాము. ఎండలో కూర్చున్న వృద్ధులలో అది నిజం కావచ్చు. పరుగెత్తుతూ పడిపోయిన యువకుని ఒళ్ళు చెమటతో తడిసి ఉండవచ్చు. చూడవలసినది అతని మాటను, నడకను. తడబడుతున్నాడా, పొంతన లేకుండా మాట్లాడుతున్నాడా, ఎక్కడున్నాడో తెలియక కోపంగా కొట్టుకుంటున్నాడా? అయితే శరీరపు లోపలి వేడి 40 డిగ్రీలు దాటి ఉండవచ్చునని భావించి అక్కడికక్కడే చల్లబరచాలి. ఆసుపత్రికి తరలించడం ఆ తరువాత. ఒక పెద్ద తొట్టె, దాని నిండా మంచుగడ్డలు వేసిన నీరు, మునిగిన మనిషి తలను పైకి పట్టుకునేందుకు ఇద్దరు చాలు. ఇది నా సొంత వైద్యం కాదు. అమెరికాలోని ఫాల్మౌత్ అనే సముద్రతీర పట్టణంలో 1973 నుండి ప్రతి ఆగస్టులోనూ సుమారు 11 కిలోమీటర్ల రోడ్డు పరుగు జరుగుతోంది. అక్కడ 18 ఏళ్ళ రికార్డులను పరిశీలిస్తే 274 మందికి ఎండదెబ్బ తగిలినట్లు తేలింది. గమ్యం పక్కనే తొట్లు పెట్టి మంచునీటిలో ముంచడం వలన ఆ 274 మందిలో ఒక్కరూ మరణించలేదు. పశువుల నీళ్ళ తొట్టె మన ప్రతి ఊరిలో ఉంది, సోడా దుకాణానికి వచ్చే మంచుగడ్డ ప్రతి పట్టణంలో దొరుకుతుంది. పతకాల ఖర్చుతో పోల్చితే ఈ ఖర్చు లెక్కలోనిది కాదు.

కొండ మీది కాలిబాట పరుగు మరొక జాతి వ్యవహారం. రోడ్డు మీద పడిపోయినవానిని బండిలో వేయవచ్చు. కొండ మీద పడినవానిని మోయాలి. వేసవిలో మన గుట్టల మీది బోద గడ్డి ఎండి నిప్పు కోసం ఎదురుచూస్తున్నట్లు ఉంటుంది. 2018 మార్చి 11న తమిళనాడులోని తేని జిల్లా కురంగణి కొండలలో కార్చిచ్చు చుట్టుముట్టి, నడక యాత్రకు వెళ్ళిన 20 మందికి పైగా మరణించారు. వారు అడవికి కొత్తవారు, మంట ఎటు తిరుగుతుందో తెలియనివారు. కర్ణాటకలో 2024 జనవరిలో కుమార పర్వతం మీద జనం కిక్కిరిసిన తరువాత అటవీ శాఖ కొండయాత్రలకు ముందస్తు నమోదును తప్పనిసరి చేయడానికి పూనుకొన్నది. అటువంటప్పుడు రిజర్వు అడవి గుండా వందలాది మందిని పరుగెత్తించే సంఘం, అటవీ శాఖ అనుమతి పత్రాన్ని నోటీసు బోర్డు మీద అంటించగలగాలి. హంపి, బళ్ళారి పరిసరాలలో అదనపు జాగ్రత్త కావాలి. దరోజీ వద్ద ఎలుగుబంట్ల అభయారణ్యమే ఉంది. ఎలుగు తెల్లవారుజామున గుహకు తిరిగివచ్చే వేళ, మన పరుగు మొదలయ్యే వేళ ఒకటే.

కొండదారి పరుగులో ఎంత ఘోరం జరగగలదో 2021 మే 22న చైనాలోని గాన్సు ప్రాంతం చూపింది. 100 కిలోమీటర్ల ఆ పందెంలో 172 మంది పాల్గొనగా, మధ్యాహ్నం హఠాత్తుగా చలిగాలి, వడగళ్ళు విరుచుకుపడి 21 మంది మరణించారు. వారిలో దేశంలోనే పేరెన్నికగన్న పరుగువీరులు కూడా ఉన్నారు. వాహనం వెళ్ళలేని ఎత్తైన భాగంలో సహాయ కేంద్రమే లేకపోయింది. ఆ రోజు ఆరుగురిని గుహలోకి చేర్చి, మంట వేసి కాపాడినవాడు ఒక గొర్రెల కాపరి. మన వైపు చలి భయం లేదు కాని, మే నెల మధ్యాహ్నపు ఈదురుగాలి, పిడుగు ఉన్నాయి. మన సంఘాలు కొండదారిని ఫోనులోని పటం చూసి నిర్ణయిస్తున్నాయి. ఆ కొండ మీద రోజూ మేకలు కాచే మనిషిని ఒక పూట కూలి ఇచ్చి వెంట తీసుకువెళ్తే ఏ మలుపులో తేనెపట్టు ఉంది, ఏ బండ జారుతుంది, ఏ దొనలో ఏప్రిల్‌లో కూడా నీరుంటుంది అన్నది పటం కన్న బాగా చెబుతాడు.

పిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. ఒడిశా పాఠకులకు బుధియా సింగ్ పేరు గుర్తుండే ఉంటుంది. 2006 మే 2న, నాలుగేళ్ళ వయసులో, పూరీ నుండి భువనేశ్వర్ వైపు 65 కిలోమీటర్లు ఏడు గంటలకు పైగా పరుగెత్తించారు ఆ బిడ్డను. దేశమంతా చప్పట్లు కొట్టింది. తరువాత ప్రభుత్వం కలుగజేసుకొని అటువంటి పరుగులను ఆపవలసి వచ్చింది. ఆ పిల్లవాడు పెద్దయ్యాక మారథాన్ వీరుడు కాలేదు. జాతీయ స్థాయి క్రాస్ కంట్రీ పోటీలలో 16 ఏళ్ళ లోపువారికి 2 కిలోమీటర్లు, 20 ఏళ్ళ లోపు యువకులకు 8 కిలోమీటర్లు పెడతారు. అలాంటప్పుడు ఏడవ తరగతి పిల్లను పది కిలోమీటర్ల రోడ్డు పరుగులో నిలబెట్టడానికి మనకున్న అధికారం ఏమిటి? అదీగాక 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుండి 19 ఏళ్ళ ఆడపిల్లలలో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. రక్తం తక్కువ ఉన్న పిల్ల ఖాళీ కడుపుతో ఎండలో పరుగెత్తి కళ్ళు తిరిగి పడిపోతే, ఉపవాసమేమో అని నవ్వే పెద్దలను చూస్తున్నాము. పరుగు రోజున ఏమి తినాలన్నది తరువాత. ముందు ఆ పిల్లకు రక్త పరీక్ష చేయించాలి.

సరిహద్దులో ఉన్నందువలన మనకు మాత్రమే ఎదురయ్యే చిక్కులు కొన్ని ఉన్నాయి. పందెపు దారి ఒక రాష్ట్రంలో మొదలై మరొక రాష్ట్రపు ఊరిని తాకి తిరిగివస్తుంది. అనుమతి ఒక పోలీసు ఠాణా నుండే ఉంటుంది. 108 అంబులెన్సు ఆంధ్రప్రదేశ్‌లో 2005 నుండి, కర్ణాటకలో 2008 నుండి నడుస్తున్నా, రెండు రాష్ట్రాల కేంద్రాలు వేర్వేరు. సరిహద్దు గుట్ట మీద నుండి ఫోను చేస్తే ఏ రాష్ట్రపు టవరు అందుకుంటే అక్కడికి కాల్ వెళ్ళే అవకాశముంది. ఏ ఊరు, ఏ తాలూకా అని అటువైపు అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పేలోపు పది నిమిషాలు గడుస్తాయి. పందెం రోజున అంబులెన్సు గమ్యం వద్దనే నిలిచి ఉండాలి, రెండు వైపుల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు ముందే కబురు అంది ఉండాలి.

మరొకటి హామీపత్రం. ప్రమాదం జరిగితే నిర్వాహకులకు బాధ్యత లేదని, పాల్గొనేవాని ఆరోగ్యం బాగున్నదని రాసిన కాగితం మీద తల్లిదండ్రులు సంతకం చేయాలి. ఆ కాగితం తరచుగా ఇంగ్లీషులో, అప్పుడప్పుడు కన్నడంలో ఉంటుంది. మన ఇళ్ళలో నాయనమ్మకు తెలుగు చదవడం వచ్చు, తండ్రికి కన్నడ అక్షరాలు వచ్చు, ఇంగ్లీషు పిల్లవానికే వచ్చు. పిల్లవాడే చదివి, వాడే అర్థం చెప్పి, వేలు చూపిన చోట తండ్రి సంతకం పెడుతున్నాడు. ఉపాధ్యాయునిగా నా చేతికి కూడా అటువంటి కాగితాలు వస్తుంటాయి. రెండు భాషలలో, ఒక పుటకు మించకుండా, పెద్ద అక్షరాలలో ఇవ్వడం సంఘాలకు కష్టమైన పని కాదు. చదవలేని కాగితం మీద సంతకం చేయనని చెప్పే హక్కు తల్లిదండ్రులకు ఉంది.

చివరగా, ఈ పరుగులకు వచ్చే పల్లె యువకులకు నిజంగా కావలసినది పది కిలోమీటర్లు కాదు, కొండ ఎక్కడం కూడా కాదు. వారికి కావలసినది 1600 మీటర్లు. సైన్యంలో అగ్నివీరుల భర్తీకి 1.6 కిలోమీటర్లను 5 నిమిషాల 30 సెకన్లలోపు ముగిస్తేనే పూర్తి మార్కులు. కర్ణాటక పోలీసు కానిస్టేబులు భర్తీలో పురుషులకు 1600 మీటర్లకు 6 నిమిషాల 30 సెకన్లు ఇస్తూ వచ్చారు. ఆంధ్రప్రదేశ్ 2022 నోటిఫికేషనులో అదే దూరానికి 8 నిమిషాలు. తెలంగాణలో అదే ఏడాది 7 నిమిషాల 15 సెకన్లు. గీతకు ఇటువైపు ఉన్నవానికి అటువైపు ఉన్నవానికన్న నిమిషంన్నర తక్కువ. పది కిలోమీటర్ల సాధనతో ఒంటికి ఓపిక వస్తుంది కాని, ఈ వేగం రాదు. ఒకే తరహా పరుగును నమ్ముకున్న కుర్రవాడు వేసవంతా పతకాలు కూడబెట్టుకుని, భర్తీ మైదానంలో అరనిమిషం తేడాతో ఇంటికి తిరిగివస్తాడు.

పరుగు సంఘాలు తలచుకుంటే వారానికొకసారి హైస్కూలు మైదానంలో, రుసుము లేకుండా, టేపుతో కొలిచిన 1600 మీటర్ల పరీక్ష పెట్టవచ్చు. సంఘంలోని డాక్టరు గారు గుండె, రక్తపోటు చూడవచ్చు, బ్యాంకు ఉద్యోగి గారు గడియారం పట్టుకోవచ్చు. ఆడపిల్లలకు ఇది మరింత అవసరం. కర్ణాటక కానిస్టేబులు పరీక్షలో వారికి 400 మీటర్లు, 2 నిమిషాలు. ఆంధ్రప్రదేశ్‌లో 1600 మీటర్లు, 10 నిమిషాల 30 సెకన్లు. ఒకదానికి తయారైన పిల్ల రెండవదానికి తయారైనట్లు కాదు. ఏ రాష్ట్రంలో దరఖాస్తు పెడుతున్నదో ఇంట్లో ముందుగా నిర్ణయించుకుని, ఆ దూరానికే సాధన చేయించాలి. బడులు తెరిచే వరకు మైదానాలు ఖాళీగానే ఉంటాయి.